సుత్తి దించడం

సోమవారం పొద్దున బ్యాంకు తలుపులు తెరవకముందే గార్డుల కంపెనీ సూపర్‌వైజర్ క్లెబెర్ కాగితాలు పట్టుకుని వచ్చాడు. వెనక గదిలో గార్డు ఆదౌతు బూట్ల తాళ్ళు బిగించుకుంటున్నాడు. ఆయన పక్కనున్న అలమరకి మరినాల్వ పేరు ఇంకా అంటించే ఉంది. ఆమె బదులు వచ్చిన రోనివోన్ తన టోపీని ఆ అలమరలో పెట్టడానికి మొహమాటపడి ఒళ్ళోనే పెట్టుకుని కూర్చున్నాడు.

"పెద్దాయనా, ఇది ఊరికే ఫార్మాలిటీ. చదవక్కర్లేదు, కింద పేరు రాస్తే చాలు," అన్నాడు క్లెబెర్.

ఆదౌతు కళ్ళజోడు తీసి పెట్టుకున్నాడు. పదిహేడేళ్ళ ఉద్యోగంలో చదవకుండా ఎక్కడా సంతకం పెట్టలేదు. కాగితం మీద నాలుగే వాక్యాలు. తనకు ఇచ్చిన శిక్షణలో రివాల్వర్‌ని డబుల్ యాక్షన్‌లో, అంటే తుపాకీ వెనక ఉండే సుత్తి ముట్టుకోకుండా ట్రిగ్గర్‌ని పొడుగునా లాగి మాత్రమే కాల్చమని నేర్పారట. సుత్తిని బొటనవేలితో వెనక్కి ఎక్కించి కాల్చే సింగిల్ యాక్షన్ పద్ధతి తనకి ఎన్నడూ ఎవరూ నేర్పలేదట. కాల్పుల శిక్షణ జరిగే రేంజిలో గానీ, డ్యూటీలో గానీ అలా చెయ్యడానికి ఎన్నడూ ఎవరూ ఒప్పుకోలేదట. అలా ఎవరైనా చేస్తే అది వాళ్ళ సొంత తప్పట.

"ఎన్నడూ ఎవరూ," అని పైకి చదివాడు ఆదౌతు.

"వకీళ్ళ భాష అంతే."

"నువ్వు కూడా ఎక్కించే కాల్చావు కదా క్లెబెర్. పోయిన సంవత్సరం రేంజిలో నా పక్క గీత మీద నిలబడింది నువ్వే."

క్లెబెర్ నవ్వలేదు. కాగితాల అంచులు బల్ల మీద తట్టి సరిచేశాడు. "గురువారం అందరికీ మళ్ళీ పరీక్ష. సంతకం పెట్టినవాళ్ళే రేంజికి వస్తారు. శుక్రవారం మిమ్మల్ని పోలీస్ స్టేషన్‌కి పిలిచారటగా?"

"పిలిచారు."

"ఈ కాగితం మీద సంతకం పెట్టేస్తే అక్కడ మీకూ సుఖం. ఏముందో అదే చెప్పండి. మూడేళ్ళలో పెన్షన్ వస్తుంది, మీకెందుకు చెప్పండి?"

రోనివోన్ గోడకి ఆనించి సంతకం పెట్టేశాడు. పెట్టి, "ఏంటన్నా అలా చూస్తావ్? నాకిద్దరు పిల్లలు," అన్నాడు.  ఆదౌతు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. గురువారం తెస్తానన్నాడు.

ఆ రోజంతా ఆయన, ఇనుము తగిలితే తనంతట తానే ఆగిపోయే తిరిగే తలుపు పక్కనే నిలబడ్డాడు. తాళాలున్నవాళ్ళు, నాణేలున్నవాళ్ళు, గొడుగులున్నవాళ్ళు ఆ గాజు తలుపులో ఎప్పటిలాగే ఇరుక్కుని బూతులు తిట్టారు. ఆయన ఎప్పటిలాగే "అమ్మా, సంచీ ఆ డబ్బాలో పెట్టండి," అంటూ వచ్చాడు. పోయిన మంగళవారం టైల్స్ పనివాడు ఒతసీలియు ఇరుక్కున్నదీ ఆ తలుపులోనే. తాపీ, ఉలి ఉన్న సంచీతో మూడుసార్లు ఇరుక్కున్నాడు. నాలుగోసారి లోపలికి రానిచ్చాక, ఇదిగో చూసుకోండి నా ఆయుధాలు, అని అరుస్తూ సంచీలో చెయ్యి పెట్టాడు. అప్పుడు ఆదౌతు వెనక గదిలో కాఫీ పోసుకుంటున్నాడు. తుపాకీ చప్పుడు విని ఆయన బయటికి పరిగెత్తేసరికి మనిషి నేల మీద ఉన్నాడు. మరినాల్వ తుపాకీని రెండు చేతులతో దూరంగా పట్టుకుని, "అయిపోయిందన్నా, అంతా అయిపోయాకన్నా," అని ఒకటే మాట అంటోంది. ఒతసీలియు ఆస్పత్రిలో గురువారం దాకా బతికాడు.

తుడిచే మనిషి ఆ చోట ఎన్నిసార్లు కడిగిందో, చుట్టుపక్కల గచ్చు కంటే అక్కడే ఎక్కువ తెల్లగా ఉంది. జనం తెలియక దాని మీదుగానే నడిచి వెళ్తున్నారు. ఆదౌతు మాత్రం సాయంత్రం దాకా దాన్ని చుట్టి నడిచాడు.

*

కంపెనీ తుపాకులు ఇంటికి తీసుకుపోనివ్వరు. అందుకని మంగళవారం డ్యూటీ దిగి ఇంటికొచ్చాక ఆదౌతు, తన భార్య ఇరనీ ఇస్త్రీ బల్ల దగ్గరున్న నీళ్ళ పిచికారీ తీసుకున్నాడు. ఆమె ఆ వీధిలో నాలుగిళ్ళ బట్టలు ఇస్త్రీ చేస్తుంది. ఆ పిచికారీ మీట బిగువు. ఆయన చెయ్యి చాచి, గోడ మీది క్యాలెండర్‌కి గురిపెట్టి, చూపుడు వేలితో లాగాడు.

వేలి నడిమి కణుపు ఏళ్ళ తరబడి వాచి ఉంది. మీట సగం దూరం వచ్చింది. అక్కడ కణుపులో ఏదో అడ్డుపడ్డట్టు ఆగి, చెయ్యంతా వణికింది. పళ్ళు బిగించి ఇంకా లాగితే మిగతా సగం ఒక్కసారిగా జారిపోయింది. నీళ్ళు క్యాలెండర్ కింద, ఎడమ పక్క గోడకి తగిలాయి. మళ్ళీ లాగాడు. మళ్ళీ అంతే.

ఈ వేలితో ఇన్నేళ్ళూ ఆయన తొంభైకి తగ్గలేదంటే కారణం బొటనవేలు. సుత్తిని ముందే వెనక్కి ఎక్కించి పెడితే బరువంతా బొటనవేలే మోస్తుంది. ఇక ట్రిగ్గర్‌కి మిగిలేది వెంట్రుకవాసి పని. వేలు ఆనిస్తే చాలు. రేంజి మాస్టారు వాల్‌ఫ్రిదు మొదటి ఏడాదే చెప్పాడు: చేతిలో బలం లేనివాళ్ళు ఎక్కించుకోండి, అందరూ పాసవ్వాలి, నన్ను మళ్ళీ మళ్ళీ పిలిపించకండి. ఆడవాళ్ళు, ముసలివాళ్ళు, పొద్దున్నే తాగి వచ్చినవాళ్ళు అందరూ ఎక్కించారు. అందరూ పాసయ్యారు.

"ఏం మొగుడివయ్యా, ఎవరిని చంపుతున్నావ్? బడి మాస్టారుగారి చొక్కాలు నానిపోతున్నాయి," అంటూ వచ్చింది ఇరనీ.

అని, ఆ మాటకి తనే నాలుక కరుచుకుంది. పిచికారీ ఆయన చేతిలోంచి తీసుకుని, వాచిన కణుపుని తన రెండు వేళ్ళ మధ్య పట్టి చూసింది.

"కాగితం మీద సంతకం పెడతావా?"

"పెడితే గురువారం వాల్‌ఫ్రిదు నన్ను ఎక్కించుకోనిస్తాడు. పాసవుతాను."

"ఎక్కించలేదని సంతకం పెడితే ఎక్కించుకోనిస్తారా?"

"అంతే."

ఇరనీ ఆయన వేలు వదిలేసింది. "ఇదేం పిచ్చిరా భగవంతుడా," అని బల్ల దగ్గరికి పోయి, తడిసిన చొక్కా మీద పెట్టె గట్టిగా ఆనించింది. బుస్సుమని ఆవిరి లేచింది. "మూడేళ్ళే కదా," అంది, ఆయన వంక చూడకుండా. "నేను పెట్టమనట్లేదు. మూడేళ్ళే కదా అంటున్నా."

*

బుధవారం ఆదౌతు డ్యూటీ నుంచి నేరుగా కొండవైపు బస్సెక్కి మరినాల్వ ఇంటికి పోయాడు. ఆమె వాకిట్లో ముక్కాలి పీట మీద కూర్చుని చిక్కుడు గింజలు ఒలుస్తోంది. ముప్పై మూడేళ్ళ మనిషి వారంలో ఎంత చిక్కిపోయిందంటే చొక్కా మెడ చుట్టూ వదులుగా వేలాడుతోంది. తల్లి లోపలినుంచి వచ్చి కుర్చీ వేసి, కాఫీ పెట్టి పోయింది.

"శుక్రవారం మిమ్మల్ని పిలిచారంట కదన్నా."

"పిలిచారు."

"నా గురించి మంచిగా చెప్పండి అని నేనడగను. ఆయన చచ్చిపోయాడు. నాకేం మంచి ఉంది?" ఆమె ఒక కాయ చీల్చి, గింజలు గిన్నెలో వేసి, తొక్క పక్కన పెట్టింది. వేళ్ళు ఆగకుండా పనిచేస్తున్నాయి. "ఒక్క మాట చెప్పండి. నేను ఎక్కించడం తప్పా?"

ఆదౌతు కాఫీ కప్పు కింద పెట్టాడు. ఈ అమ్మాయి ఉద్యోగంలో చేరిన మొదటి వారం, ఇదే చేత్తో తుపాకీ పట్టుకుని, చెప్పిందంతా ఆయనే. జనం గోల చేస్తే ఎక్కించు అమ్మాయ్, ఆ టక్‌మనే చప్పుడు చాలు, కాల్చే అవసరమే రాదు. ఆ మాట చెప్పినప్పుడు ఆయనకి తనమీద తనకి ఎంతో గొప్పగా అనిపించింది.

"చప్పుడు చాలన్నారు. చాలింది కూడా," అంది ఆమె. "నేను ఎక్కించగానే ఆయన సంచీ కింద పెట్టాడన్నా. చేతులెత్తాడు. లైన్లో ఉన్నవాళ్ళు ఒకరిద్దరు నవ్వారు. ఆయన కూడా నవ్వినట్టే మొహం పెట్టి, అమ్మా తాపీ అమ్మా, తాపీ, అన్నాడు. నేను సరే సరే అన్నాను. మరి ఎక్కించింది దించాలి కదా. రేంజిలో ఎక్కించిందల్లా పేల్చేసేవాళ్ళం. ఎక్కించడం, పేల్చడం. దించడం ఎట్లాగో నాకు తెలీదన్నా. తెలీదని అప్పుడు తెలిసింది."

 దించడం ఆదౌతుకి తెలుసు. ఆయన చేరినప్పుడు పాత గార్డు ఒకాయన పెరట్లో నిలబెట్టి నేర్పాడు, తప్పు చేసినప్పుడల్లా మొట్టికాయ వేశాడు. ఆదౌతు మాత్రం ఈ అమ్మాయికి చప్పుడు వరకే చెప్పాడు. అంతలో ఎవరో పిలిస్తే కాబోలు, పోయాడు. మిగతాది తర్వాత చెబుదామనుకున్నాడో, అసలు అనుకోనేలేదో ఇప్పుడు గుర్తు లేదు. నాలుగేళ్ళయింది.

"ఎట్లా దించావు?"

ఆమె గిన్నె పక్కన పెట్టి ఖాళీ చెయ్యి చాచింది. బొటనవేలు గాలిలో సుత్తి మీద పెట్టింది. చూపుడు వేలు వంచింది. "ఇట్లా సుత్తి పట్టుకున్నా. ట్రిగ్గర్ నొక్కితేనే గదా సుత్తి వదులవుతుంది. నొక్కా. చెయ్యంతా చెమట. జారింది."

"వేలు తియ్యలేదా?"

"ఏ వేలు?"

ఆదౌతు తన చెయ్యి ఆమె చెయ్యి పక్కన చాచాడు. "చూడు. బొటనవేలు సుత్తి మీద గట్టిగా. ఇప్పుడు ట్రిగ్గర్ నొక్కు. సుత్తి కొంచెం కదిలిందా, వెంటనే ట్రిగ్గర్ మీంచి వేలు తీసెయ్. పూర్తిగా బయటికి. ఆ తర్వాతే సుత్తిని మెల్లగా దించాలి. వేలు తీసేస్తే లోపల అడ్డు పడుతుంది. అప్పుడు జారినా పేలదు."

ఆమె ఆయన వేలి వంక చూసింది.

"జారినా పేలదా?"

"పేలదమ్మా."

ఆమె మళ్ళీ చెయ్యి చాచింది. బొటనవేలు పెట్టడం, నొక్కడం, వేలు బయటికి తియ్యడం, దించడం. మళ్ళీ. మళ్ళీ. బడిలో పిల్లలు అక్షరాలు దిద్దినట్టు పెదాలు కదుపుతూ చేసింది. ఎనిమిదోసారో తొమ్మిదోసారో చెయ్యి ఒళ్ళో పడిపోయింది.

"ఇంత చిన్న పనా అన్నా?" అంది.

లోపల తల్లి గిన్నెలు కడుగుతున్న చప్పుడు ఆగిపోయింది. ఆదౌతు కిందికి చూశాడు. ఆమె కాళ్ళ దగ్గర చిక్కుడు తొక్కలన్నీ ఒకే వైపు తిప్పి, వరసగా పేర్చి ఉన్నాయి.

*

గురువారం రేంజిలో ఎండ అప్పటికే చురుక్కుమంటోంది. ఇసుక దిబ్బకి ముందు మనిషి ఆకారం అట్టలు తొమ్మిది, ఏడు మీటర్ల దూరంలో గీత. పది గుళ్ళు, ఐదేసి చొప్పున రెండు విడతలు. నూటికి అరవై వస్తే పాసు. వాల్‌ఫ్రిదు చెవి మూతలు మెడకి వేలాడేసుకుని, బొజ్జ మీద రాసుకునే పలక ఆనించుకుని తిరుగుతున్నాడు.

"నీ కాగితమేది ఆదౌతూ?"

"జేబులో ఉంది."

"సంతకం పెట్టావా?"

"ఇంకా లేదు."

వాల్‌ఫ్రిదు చుట్టూ చూశాడు. క్లెబెర్ రాలేదు. "సరే, తర్వాత పెడుదువుగానిలే. ముందు కానియ్యి. ఎప్పటిలాగే ఎక్కించుకో, పైవాళ్ళెవరూ లేరు."

"ఎప్పటిలాగే అంటున్నావు. కాగితం మీద ఎప్పుడూ లేదని ఉంది."

"కాగితం సంగతి కాగితానిది, పరీక్ష సంగతి పరీక్షది. ముసలాడా, పొద్దున్నే నా ప్రాణం తియ్యకు. ఆ వేలు పెట్టుకుని నేరుగా లాగితే ఇసుక దిబ్బకి కూడా తగలదు."

పక్క గీత మీద రోనివోన్ కిసుక్కున నవ్వి, వెంటనే దగ్గుగా మార్చాడు.

ఈల మోగింది. అటూ ఇటూ టక్ టక్‌మని సుత్తులు ఎక్కుతున్న చప్పుడు ఆదౌతుకి చెవి మూతల్లోంచి కూడా వినిపించింది. ఆయన బొటనవేలు అలవాటుకొద్దీ సుత్తి వైపు పోయింది. దాన్ని కిందికి దించి, పిడి చుట్టూ మిగతా వేళ్ళ పక్కన గట్టిగా బిగించి పెట్టాడు. చూపుడు వేలితో లాగడం మొదలుపెట్టాడు. సుత్తి తనంతట తానే వెనక్కి లేవడం కనిపిస్తోంది. సగం దూరంలో కణుపు అడ్డుకుంది. గొట్టం చివర వణికింది. ఊపిరి బిగబట్టి లాగాడు. పేలింది. అట్ట మీద ఏ గుర్తూ లేదు. మోకాళ్ళంత ఎత్తులో, ఎడమ పక్క ఇసుక లేచింది.

రెండోది అట్ట అంచుకి తగిలింది. మూడోది ఇసుకలోకి. నాలుగోదానికి నొప్పి మోచేతి దాకా పాకి, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఐదోది లాగుతుండగానే సమయం అయిపోయిందని ఈల వేశాడు వాల్‌ఫ్రిదు.

"ఎక్కించవయ్యా బాబూ!" అని వెనకనుంచి అరిచాడు. "నీకు దణ్ణం పెడతా, ఎక్కించు!"

రెండో విడతలో ఆదౌతు చెయ్యి చెమటకి జారుతుంటే ప్యాంటుకి తుడుచుకున్నాడు. ఈసారి తొందరపడలేదు. ఒక్కొక్కటీ పొడుగునా, నొప్పి ఉన్న చోట నొప్పితోనే లాగాడు. నాలుగు తగిలాయి. అన్నీ పొట్ట కింద.

అందరూ తుపాకులు తెరిచి ఖాళీ చూపించి పక్కకి వెళ్ళారు. రోనివోన్‌కి ఎనభై ఎనిమిది. వాడు ఆదౌతు పక్కనుంచి పోతూ టోపీ కళ్ళ మీదికి లాక్కున్నాడు.

వాల్‌ఫ్రిదు ఆదౌతు అట్ట దగ్గరికి వెళ్ళాడు. చిల్లుల మీద వేలు పెట్టి రెండుసార్లు లెక్కపెట్టాడు. "ముప్పై నాలుగు," అన్నాడు మెల్లగా. "నేనిది రాయను. పద, ఇంకో అట్ట పెడతా."

"రాయి."

"మతిపోయిందా? నీ పాత మార్కులన్నీ నా చేతిరాతలో ఉన్నాయి. తొంభై రెండు. తొంభై. తొంభై ఆరు. ఇప్పుడు ముప్పై నాలుగని రాస్తే, ఇన్నేళ్ళూ ఎట్లా వచ్చాయని అడగరా?"

"అడగాలి."

వాల్‌ఫ్రిదు మొహంలో రంగు మారింది. పలక బొజ్జ మీంచి దించాడు. "ఓహో," అన్నాడు. "నా మెడకి చుడుతున్నావన్నమాట. నాకు పెళ్ళాం లేదా? నాకు ఇల్లు లేదా?"

"ఉన్నాయి వాల్‌ఫ్రిదూ. నిన్నేమీ అనట్లేదు. నువ్వు ఎక్కించమన్నావు, నేను ఎక్కించాను, నేనే ఆ పిల్లకి చెప్పాను. ఆ పిల్ల మార్కులు కూడా నీ చేతిరాతలోనే ఉన్నాయి కదా?"

"ఎనభై నాలుగు," అన్నాడు వాల్‌ఫ్రిదు. ఆ అంకె నాలుక చివరే ఉన్నట్టు వచ్చేసింది. వారం రోజులుగా ఆయనకి కూడా నిద్ర లేదని అప్పుడు తెలిసింది ఆదౌతుకి.

ఎండ ఇద్దరి మెడల మీదా పడుతోంది. వాల్‌ఫ్రిదు కలం మూత నోటితో తీశాడు. ముప్పై నాలుగు అని రాశాడు. దాని పక్కన 'ఫెయిలు' అని రాశాడు. రాసి, ఇవ్వబోయి ఆగి, వ్యాఖ్యల గడిలో ఇంకో వాక్యం రాశాడు. దాని కింద తన సంతకం పెట్టాడు. నకలు చించి ఆదౌతు చేతిలో పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా గది వైపు నడిచాడు.

ఆదౌతు కళ్ళజోడు పెట్టుకున్నాడు. 'గతంలో ఇతను సుత్తి ఎక్కించి కాల్చేవాడు, నా అనుమతితో.'

తుపాకీ లైసెన్సు కార్డు మధ్యాహ్నమే క్లెబెర్ వెనక్కి తీసుకున్నాడు. బెల్టు, టోపీ, ఈల కూడా. సంతకం లేని కాగితం ఆదౌతు తనంతట తానే తిరిగి ఇచ్చాడు. "మీరు చాలా పెద్ద తప్పు చేశారు పెద్దాయనా," అన్నాడు క్లెబెర్. కోపంగా కాదు. నిజంగానే బాధపడుతూ అన్నాడు.

*

శుక్రవారం స్టేషన్‌లో విచారణ అధికారిణి అడుగుతుంటే పక్కన గుమాస్తా టైపు చేశాడు. తలుపు తీసే ఉంది. ఫ్యాను లేక లోపల ఉక్కగా ఉంది. వృత్తి ఏమిటని అడిగితే ఆదౌతు గార్డునని చెప్పి, "నిన్నటి దాకా," అని కలిపాడు. గుమాస్తా ఏది టైపు చెయ్యాలో తెలియక అధికారిణి వంక చూశాడు.

ఆయన అంతా వరసగా చెప్పాడు. చప్పుడు గురించి చెప్పాడు. మార్కుల కాగితం బల్ల మీద పెట్టాడు.

"అంటే ఆమెకి నేర్పింది మీరే?"

"సగం నేర్పానమ్మా. ఎక్కించడం నేర్పాను. దించడం నాకు తెలిసి కూడా నేర్పలేదు. చేతులెత్తిన మనిషిని ఆమె కాల్చలేదు. దించుతుంటే జారింది."

దించడం ఎలాగో చేసి చూపించమంది అధికారిణి. ఖాళీ చేత్తో చూపించాడు. ఆమె అలాగే చేసి చూసింది. ఆ తర్వాత మార్కుల కాగితం మళ్ళీ చదివింది. రేంజి రికార్డులన్నీ తెప్పించమని గుమాస్తాకి చెప్పింది. హత్యానేరం కింద పెట్టిన కేసు అలాగే ఉండదేమో అని మాత్రం అంది. మాట ఇవ్వలేదు.

ఆదౌతు బయటికొచ్చేసరికి గోడవారగా బెంచీ మీద నల్లబట్టల్లో ఒకామె కూర్చుని ఉంది. ఒళ్ళో గుడ్డసంచీ, దాని మూతిలోంచి తాపీ పిడి కనిపిస్తోంది. పోలీసులు ఆ రోజే వస్తువులు తిరిగి ఇచ్చినట్టున్నారు. ఆమె ఎవరో ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

"లోపల మాట్లాడింది మీరేనా?" అంది ఆమె. "మొత్తం వినపడింది."

ఆదౌతు టోపీ తియ్యబోయాడు. టోపీ లేదు. చెయ్యి నెత్తి మీదే ఉండిపోయింది. "అవునమ్మా."

"మా ఆయన చేతులెత్తేశాడన్నమాట."

"ఎత్తాడమ్మా."

"ఆమె సరే సరే అంది."

"అంది."

"తుపాకీ లోపల పెట్టేసుకుంటోంది."

"అవునమ్మా. అదే జరిగింది."

ఆమె తల ఊపింది. సంచీలోంచి తాపీ తీసి, అంచున ఎండిపోయిన సిమెంటుని బొటనవేలి గోరుతో గీకింది. కొంచెం ఊడి పొడి ఒళ్ళో రాలింది.

"మా ఇంట్లో రోజూ ఆ కాల్చినదాన్ని తిట్టుకుంటూ కూర్చునేదాన్ని," అంది. "నల్లవాడు, మురికి బట్టలవాడు, చేతిలో సంచీ ఉందని కావాలనే కాల్చిందని. మా పిల్లలకి కూడా అదే చెప్పాను. తిట్టుకుంటే కాస్త తెరిపిగా ఉండేది. పనికిమాలినది, దేవుడే దాని సంగతి చూసుకుంటాడని. ఇప్పుడు మీరొచ్చి అన్నీ చెప్పారు."

 క్షమించమని అడగడానికి ఆదౌతుకి నోరు రాలేదు. అడిగితే ఆమె మీద ఇంకో పని పెట్టినట్టవుతుంది.

"నన్ను తిట్టమ్మా," అన్నాడు చివరికి.

ఆమె ఆయన వంక పైనుంచి కిందికి చూసింది. వాచిన వేలు, బెల్టు లేని నడుము, కాళ్ళకి కంపెనీ బూట్లు.  పెదాలు కదిలాయి. ఒక తిట్టు నోటిదాకా వచ్చింది. బయటికి రాలేదు.

"మీరు కూర్చోండి," అని సంచీ ఒళ్ళోకి దగ్గరగా లాక్కుని పక్కకి జరిగింది. "ఎండలో ఏం పోతారు."

ఆదౌతు బెంచీ అంచున కూర్చున్నాడు. లోపల గుమాస్తా మళ్ళీ టైపు మొదలుపెట్టాడు.